ఎవరూ మూయని కన్సోల్

"నిజం చెప్పు. ఇంకొక్క అబద్ధం నీ నోటి నుంచి వచ్చిందో, పోలీసులు వచ్చేదాకా కూడా ఆగను. నేనే నీ వీపు పగలగొడతాను."

ఈ మాటన్నది పోలీసు అధికారి కాదు, కంపెనీ మనిషీ కాదు. ఆ అమ్మాయిని కాపాడడానికి వచ్చిన డిటెక్టివ్. పైగా ఆ అమ్మాయికి స్వయానా పెద్దమ్మ. తోడబుట్టిన చెల్లెలు గేటు బయట నిలబడి చేతిరుమాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే చూడలేక లోపలికి వచ్చింది. వచ్చిన కాసేపటికే, తాను ఎవరి కోసం వచ్చిందో ఆ పిల్లే తనకు అబద్ధం చెప్పిందని తెలిసింది. ఒళ్ళు మండిపోయింది.

అమ్మాయి ఆ మందుల కంపెనీలో సర్వర్లు చూసుకునే అడ్మిన్. కంపెనీకి రెండు కోల్డ్ రూములున్నాయి. గడ్డకట్టే చలిలో దాచవలసిన మందులన్నీ వాటిలోనే ఉంటాయి. ఆ గదుల తలుపులు, చలి, లైట్లు అన్నీ ఒక సర్వర్ చెప్పినట్టు నడుస్తాయి. నిన్న మధ్యాహ్నం మొదటి గదిలో సరుకు సర్దే ముసలాయన లోపల ఉండగానే తలుపు లాక్ పడింది. లోపలి నుంచి తెరుచుకునే బటన్ కూడా చచ్చిపోయింది. కంపెనీలో అందరూ ఆయన్ని తాతయ్య అంటారు. బయటికి తీసేసరికి ఒళ్ళు కట్టెలా బిగుసుకుపోయి ఉంది. ప్రాణం ఉంది, స్పృహ లేదు. బటన్ ఆపమన్న ఆదేశం, తలుపు మూయమన్న ఆదేశం, రెండూ సర్వర్‌లోకి వెళ్ళింది ఈ అమ్మాయి పేరు మీదే.

ఐదింటికి పోలీసులు వస్తారు. ఇప్పటికైతే హత్యాయత్నం అంటారు. తాతయ్యకి ఏమైనా అయితే హత్య అంటారు. డిటెక్టివ్ మనసు ఎప్పుడూ ఆ రెండో మాట దగ్గరికే ముందు పరిగెత్తుతుంది. ఇరవయ్యేళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీలకు ప్రమాదాలు విచారించి పెట్టిన మనిషి. కాలిన ఇళ్ళు, నుజ్జయిన కార్లు చూసీ చూసీ, ఫోన్ మోగితే చాలు ఎవరో పోయారనుకునే స్థితికి వచ్చింది.

"సోమవారం సర్వర్ ముట్టుకోలేదన్నావు. ముట్టుకున్నావని వాళ్ళ దగ్గర రికార్డుంది. ఎందుకు దాచావు?"

"భయమేసింది పెద్దమ్మా."

"భయమేస్తే నిజం చెప్పాలి. అబద్ధం చెప్పాలంటే దానికి ధైర్యం కావాలి. అది నీకు లేదు."

అమ్మాయి తల వంచుకుంది. "సోమవారం నాకు సెలవు. అమ్మకి జ్వరం. ఆఫీసు నెట్‌వర్క్ మొత్తం పడిపోయిందని మేనేజర్ గారు ఫోన్ చేశారు. కన్సోల్‌లోంచి వెళ్ళి లేపమన్నారు. ఇంటి నుంచి కన్సోల్ వాడకూడదని ఇక్కడ రూల్. ఎవరికీ చెప్పొద్దు, ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి అన్నారు. అందుకని చెప్పలేదు."

"ఆ కన్సోల్ ఏంటో నాకు అర్థమయ్యేలా చెప్పు. ఇందాక సెక్యూరిటీ చీఫ్ చెప్తుంటే తల ఊపాను గానీ ఒక్క ముక్క ఎక్కలేదు."

"ప్రతి సర్వర్‌కీ వెనక చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి ఒక వైరు వచ్చి ఒక పెట్టెలోకి వెళ్తుంది. ఆ పెట్టెకి సొంతంగా ఫోన్ లైన్ ఉంది. ఆఫీసు నెట్‌వర్క్ చచ్చిపోయినా ఆ లైన్ పట్టుకుని సర్వర్ దాకా వెళ్ళొచ్చు. దాని ఎదురుగా కూర్చుని కీబోర్డు కొట్టినట్టే."

"వీధి తలుపు పడిపోతే పెరటి తలుపు."

"అదే."

"దానికి తాళం లేదా?"

"రెండున్నాయి. పెట్టెకి ఒక పాస్‌వర్డ్, అది అందరికీ ఒకటే. నాకు, మేనేజర్ గారికి, అల్లుడుగారికి తెలుసు. తర్వాత సర్వర్‌కి ఇంకోటి, అది ఎవరిది వాళ్ళకి."

అల్లుడుగారంటే యజమాని కూతురి భర్త. పెద్దాయన మంచం పట్టినప్పటి నుంచి కంపెనీ అంతా ఆయన చేతిలోనే ఉంది. నిన్నటి నుంచి ఆస్పత్రిలో తాతయ్య దగ్గరే కూర్చున్నాడని, కన్నకొడుకు కూడా అంత చేయడని గేటు దగ్గర గార్డు చెప్పాడు.

"సరే. సోమవారం పనయ్యాక ఏం చేశావు?"

"చేస్తుండగానే లైన్ పోయింది. అప్పటికే అన్నీ లేచాయి. అమ్మకి మాత్ర వేసే టైమయింది, ఇక మళ్ళీ వెళ్ళలేదు." అంటూనే అమ్మాయి ఆగిపోయింది. "పెద్దమ్మా, నేను లాగౌట్ కొట్టలేదు."

"లైన్ పోయింది కదా. ఫోన్ కట్టయితే అవతలివాళ్ళకి తెలిసిపోదూ?"

"దీనికి తెలీదు. వైరు చివర మనిషి ఉన్నాడో, లేచి వెళ్ళిపోయాడో సర్వర్‌కి పట్టదు. మామూలుగా అయితే కాసేపు ఎవరూ ఏమీ కొట్టకపోతే దానంతటదే మూసుకుంటుంది. మా దగ్గర అది తీసేశారు."

"ఎవరు తీసేశారు?"

"అల్లుడుగారు తీయించారు. ఒకసారి రిపేరు మధ్యలో అది మూసుకుపోయి, మళ్ళీ లోపలికి వెళ్ళేసరికి ఆలస్యమై ఒక గది సరుకంతా పాడైంది. మేనేజర్ గారిని అందరి ముందూ కడిగేశారు. నమ్మకంగా పనిచెయ్యని కన్సోల్ నాకెందుకు, ఎప్పుడు తోస్తే అప్పుడు తెరుచుకోవాలి అన్నారు. అప్పటి నుంచి మేమెవరం లాగౌట్ కొట్టం. ఎవరు ముందు వెళ్ళారో వాళ్ళ పేరు మీదే మిగతావాళ్ళు పని చేసుకుపోతాం."

డిటెక్టివ్ కుర్చీలోంచి లేచింది. గది ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. కోపం ఎవరి మీద చూపించాలో ఒక్క క్షణం తోచలేదు.

"గ్యాస్ కట్టావా, తాళం వేశావా అని వీధి మలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి చూసుకునే తల్లి కడుపున పుట్టావు. దేశమంతా వాడే మందులకి కాపలా కాసే తలుపు బార్లా తీసి పెట్టి, అందరూ కలిసి అదే పద్ధతి అనుకున్నారా? పెట్టె తాళం తెలిసినవాడు ఎవడైనా సరే సోమవారం నుంచి నీ చొక్కా తొడుక్కుని తిరగొచ్చు. తిరిగాడు. ఒక ముసలాయన ప్రాణం మీదికి తెచ్చాడు."

అమ్మాయి ఏడవలేదు. అది చూసి డిటెక్టివ్‌కి కొంచెం ధైర్యం వచ్చింది. ఏడుపు వచ్చే పిల్లను ఐదింటి తర్వాత స్టేషన్‌లో తలుచుకోవడం ఆమె వల్ల కాదు.

తలుపు తోసుకుని సెక్యూరిటీ చీఫ్ వచ్చాడు. రిటైరైన పోలీసు. మీసాలు, నడక ఇంకా రిటైర్ కాలేదు.

"అయిందా మేడమ్, బంధువుల పలకరింపు?"

"అవుతోంది. మీరే వచ్చారు, కూర్చోండి. నిన్న మధ్యాహ్నం ఈ పిల్ల సర్వర్‌లోకి కొత్తగా పేరు చెప్పుకుని వచ్చినట్టు మీ రికార్డులో ఉందా?"

"సోమవారం వచ్చింది. వెళ్ళలేదు. లోపలున్న మనిషి మళ్ళీ ఎందుకు వస్తుంది?"

"అంటే సోమవారం నుంచి తిండీ నిద్రా లేకుండా కీబోర్డు ముందే కూర్చుందా?"

"అది ఆమెని అడగండి. నాకు కనిపించింది పేరు. నిన్న మధ్యాహ్నం బయటి లైన్ నుంచి ఎవరో పెట్టెలోకి వచ్చారు. ఆ వెంటనే ఈమె పేరు మీద రెండు ఆదేశాలు. ఆ టైములో ఎక్కడున్నావమ్మా అంటే ఇంట్లో అంది. ఎవరు చూశారంటే అమ్మ చూసింది అంది. అమ్మ సాక్ష్యం ఏ కోర్టులో చెల్లుతుంది?"

"మీ ఇంటి తలుపు తీసి ఉంటే ఎవడో వచ్చి మీ కుర్చీలో కూర్చుని మనిషిని చంపి పోయాడనుకోండి. కుర్చీ మీదే కదా అని మిమ్మల్ని పట్టుకెళ్ళాలా?"

"తలుపు తీసిపెట్టినందుకు రెండు పీకి మరీ పట్టుకెళ్తా." చీఫ్ నవ్వాడు. "చెల్లెలి కూతురు కాకపోతే మీరూ అదే అనేవారు."

ఆ మాట సూటిగా తగిలింది. ఎందుకంటే అది నిజం. డిటెక్టివ్ చేతిసంచి భుజానికి తగిలించుకుంది.

"కోల్డ్ రూమ్ చూపించండి."

"నేను చూశాను. ఏమీ లేదు."

"మీరు చూసింది నాకు అక్కర్లేదు. గది చూపించండి."

మొదటి కోల్డ్ రూమ్ తలుపు ఇప్పుడు తాడుతో గోడకు కట్టేసి ఉంది. చలి ఆపేశారు. మంచు కరిగి నేలంతా తడి. చెయ్యి మందాన స్టీలు గోడలు, కిటికీ లేదు. డిటెక్టివ్ లోపలికి అడుగుపెట్టింది. ఈ తలుపు వెనక తన వాళ్ళెవరైనా ఉంటే అని తలచుకుంది, ఆ ఆలోచనను అక్కడే నలిపేసింది.

గోడ మీద ఆకుపచ్చ బటన్. నొక్కింది.

"ఇదీ సర్వర్ చెప్తేనే పనిచేస్తుందా?"

"అంతా కంప్యూటరైజ్ చేశారు," అన్నాడు చీఫ్ గొప్పగా.

"లోపలున్న మనిషి బయటికి రావాలంటే ఎక్కడో ఉన్న కంప్యూటర్ సరేననాలి. దీన్ని పెట్టినవాణ్ణి, చూసి ఊరుకున్న మిమ్మల్ని కలిపి ఇందులో కూర్చోబెట్టాలి."

చీఫ్ మీసం మెలిపెట్టాడు.

బటన్ కింద గోడ మీద అరచేతి మరకలు. ఎంతసేపు కొట్టాడో పాపం. డిటెక్టివ్ కళ్ళు తిప్పుకుని అరల వైపు చూసింది. కింది అర ఖాళీగా ఉంది. మిగతా అరల్లో అట్టపెట్టెలు వరసగా ఉన్నాయి.

"ఇక్కడి పెట్టెలేవి?"

"చింపి పోగులు పెట్టాడు ముసలాయన. అట్టముక్కలు చొక్కాలో దోపుకుని, చుట్టూ పేర్చుకుని కూర్చున్నాడు. అందుకే బతికాడని డాక్టర్లన్నారు. ఆ చెత్తంతా ఊడ్పించాను."

"ఊడ్పించారా?"

"అట్టముక్కలే కదా మేడమ్."

డిటెక్టివ్ ఆయన ముఖంలోకి చూసిన చూపుకి చీఫ్ తనకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఎక్కడ పడేశారు?" అంది. గొంతు పెంచలేదు.

నడవా చివర చెత్తడబ్బాలో ఉన్నాయి. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో ముక్కా తీసింది. తడిసి మెత్తబడిన అట్టలు. ఒక ముక్క మీద అంటించిన తేదీ చీటీ నానిపోయి అంచు లేచింది. గోటితో లాగితే మొత్తం ఊడి వచ్చింది. దాని కింద ఇంకో చీటీ. పైదాంట్లో మందు గడువు వచ్చే ఏడాది దాకా ఉంది. కిందిదాంట్లో పోయిన ఏడాదే అయిపోయింది.

ఇంకో ముక్క లాగింది. అదే కథ. మూడోది చీఫ్ చేతికే ఇచ్చింది.

"మీరే ఊడదీయండి. తర్వాత నేనేదో అంటించానంటారు."

చీఫ్ ఊడదీశాడు. చదివాడు. మీసాల కింద పెదవులు బిగిసాయి. "కాలం చెల్లిన మందులా?"

"కొత్త తేదీ వేసి జనానికి పంపిస్తున్నారు. ఏ పసిపిల్లకి సూది పొడిచారో, ఎవరికి పొడవబోతున్నారో. తాతయ్యకి తెలిసిపోయింది. అందుకే చలిలో పెట్టి తాళం వేశారు. ఇప్పుడు చెప్పండి, నా చెల్లెలి కూతురికి మందుల వ్యాపారం ఉందా?"

"ఎవరిదో తర్వాత తేలుతుంది," అన్నాడు చీఫ్. గొంతులో ఇందాకటి ధీమా లేదు. "రెండో గదిలో సగం సరుకుంది. అవీ ఇలాగే ఉంటే..."

"ఇప్పుడే బయటికి తీయించండి. పోలీసులొచ్చేలోగా. ఎవరికీ ఫోన్ చెయ్యొద్దు."

కానీ చీఫ్ అప్పటికే ఫోన్ తీశాడు. "అల్లుడుగారికి చెప్పకుండా గది తెరవలేను మేడమ్. నా జీతం ఆయనిస్తాడు." ఆమె చెయ్యి అడ్డం పెట్టేలోగా మాట్లాడడం మొదలుపెట్టాడు. సార్, రెండో గది సరుకు కొంచెం చూడాలి సార్. చీటీల్లో ఏదో తేడా ఉంది సార్. అలాగే సార్.

ఫోన్ జేబులో పెట్టుకుని గెలిచినట్టు చూశాడు. "వెంటనే తెరవమన్నారు. తప్పు చేసినవాడు అలా అంటాడా?"

"బుద్ధి ఉన్నవాడు ఇంకేమంటాడు?" అంది డిటెక్టివ్. ఈ మనిషి గొంతు పట్టుకుని ఊపాలని ఆమె చేతులు దురద పెట్టాయి.

చీఫ్ నడవాలో నిలబడి ఉన్న గార్డును పిలిచాడు. బొద్దుగా, నవ్వు ముఖంతో ఉన్న మనిషి. చీఫ్ భార్య తమ్ముడు. బావ ఇప్పించిన ఉద్యోగం. "రెండో గదిలోకి వెళ్ళి పై అరల పెట్టెలు బయటికి తీసుకురా. కోటు వేసుకుని వెళ్ళు."

"ఎన్ని బావా?"

"తీస్తూ ఉండు. చాలన్నప్పుడు ఆపు."

"మా ఇంట్లో అక్క వడ్డించేటప్పుడు కూడా ఇంతే చెప్తాడు మేడమ్," అంటూ బామ్మర్ది కోటు గుండీలు పెట్టుకుని గదిలోకి వెళ్ళాడు.

చీఫ్ ఆఫీసు గదిలో ఐటీ మేనేజర్ కూర్చుని ఉన్నాడు. ఏసీ గదిలో కూడా మెడ తుడుచుకుంటున్నాడు. అమ్మాయిని కూడా అక్కడికే తీసుకొచ్చారు. బల్ల మీద ఒక స్క్రీన్ వెలుగుతోంది. నల్లటి తెర, ఎడమ పక్కన తళుక్కుమంటున్న చిన్న గీత.

"ఇదేంటి?" అంది డిటెక్టివ్.

"సాక్ష్యం," అన్నాడు చీఫ్. "తలుపులు నడిపే సర్వర్ కన్సోల్. నిన్న ఎలా ఉందో అలాగే ఉంచాను. ఎవరూ ముట్టుకోవద్దని ఆర్డర్. ఈ కీబోర్డు మీద ఆ పిల్ల వేలు పడిందా, సాక్ష్యం చెరిపిందని రాసిస్తాను. అదే ఒప్పుకోలు కింద లెక్క."

అమ్మాయి స్క్రీన్ వైపు చూసి నిలువునా బిగుసుకుపోయింది. "ఇంకా నా పేరు మీదే తెరిచి ఉందా? సార్, దీన్ని మూసేయండి. దండం పెడతాను. ఎవరైనా ఇప్పుడు కూడా లోపలికి రావచ్చు."

"చూశారా మేడమ్. మూసేయాలట."

డిటెక్టివ్ మేనేజర్ వైపు తిరిగింది. "సోమవారం ఈ పిల్లకి ఫోన్ చేసి ఇంటి నుంచి కన్సోల్‌లోకి వెళ్ళమన్నది మీరేనా?"

"నేనా? నేనెందుకు చెప్తాను? రూల్సుకి విరుద్ధం కదా."

అమ్మాయి తన ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. సోమవారం వచ్చిన కాల్స్. మేనేజర్ పేరు వరసగా ఏడుసార్లు.

"జ్వరంతో ఉన్న వాళ్ళ అమ్మ ఎలా ఉందో కనుక్కోవడానికి ఏడుసార్లు చేశారా?"

మేనేజర్ నీళ్ళు నమిలాడు. "నెట్‌వర్క్ పడిపోయిందండీ. అల్లుడుగారు నెత్తి మీద కూర్చున్నారు. ఈ అమ్మాయి తప్ప ఎవరూ లేపలేరు. నాకు పిల్లలున్నారు. ఉద్యోగం పోతే..."

"ఈమె కూడా ఒకరికి పిల్లే. ఆ గేటు దగ్గర ఉంది చూడండి ఆవిడకి. మీ ఉద్యోగం కోసం ఈమెని జైలుకి పంపిస్తూ నోరు మూసుకుని కూర్చున్నారు. నిన్న మధ్యాహ్నం మీరెక్కడున్నారు?"

"నా సీట్లో."

"చూసినవాళ్ళు?"

మేనేజర్ మళ్ళీ మెడ తుడుచుకున్నాడు. చీఫ్ మొదటిసారి అతని వైపు తేరిపార చూశాడు. పెట్టె తాళం తెలిసిన ముగ్గురిలో ఇతనొకడు. సోమవారం ఆ తలుపు తెరిపించింది ఇతనే.

"అమ్మాయ్," అంది డిటెక్టివ్, "నిన్న ఎవడో నీ పేరు మీద కొట్టేటప్పుడు ఈ తెర ముందు మనిషి ఉంటే కనిపించేదా?"

"కనిపించేది పెద్దమ్మా. వైరు ఒకటే కదా. ఎంతమంది చేరినా ఒకే పలక మీద అందరూ రాసినట్టు. ఒకరు కొట్టింది అందరికీ కనిపిస్తుంది."

"అయితే చేతులు బల్ల మీద పెట్టు. చీఫ్ గారికి కనిపించేలా. మేనేజర్ గారూ, మీరు కూడా."

"ఎందుకు?" అన్నాడు చీఫ్.

"మీరు ఆస్పత్రికి ఫోన్ చేశారు. ఇప్పుడు ఏమవుతుందో నాకు తెలీదు. కానీ ఏమైనా సరే ఈ చేతులు ఎక్కడున్నాయో మీ రెండు కళ్ళతో మీరు చూడాలి."

"మీవన్నీ అనుమానాలు మేడమ్..."

మాట పూర్తికాలేదు.

తెర మీద గీత కదిలింది. దాని ముందు ఒక అక్షరం పడింది. తర్వాత ఇంకోటి. గదిలో ఎవరి చెయ్యీ కీబోర్డు మీద లేదు. అక్షరాలు మాత్రం ఒకదాని వెనక ఒకటి వచ్చి కూర్చుంటున్నాయి, ఎక్కడో ఎవరో తొందర తొందరగా కొడుతున్నట్టు.

చీఫ్ బల్ల కింద కూడా వంగి చూశాడు. అమ్మాయి చేతులు అక్కడే ఉన్నాయి. మేనేజర్ చేతులూ అక్కడే ఉన్నాయి.

"ఏం కొడుతున్నాడు?" అంది డిటెక్టివ్.

"రెండో గది," అంది అమ్మాయి. "లోపలి బటన్ ఆపమని." లైన్ పూర్తయింది. కింద ఒక్క ముక్క జవాబు వచ్చింది. "ఆపేసింది. తర్వాతది తలుపు లాక్."

చీఫ్ వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ఒరేయ్, బయటికి రా. అన్నీ వదిలేసి బయటికి రా." గరగర చప్పుడు తప్ప జవాబు లేదు. అంత మందం స్టీలు గోడల్లోంచి మాట పోదని ఆయనకి తెలుసు. నడవా ఆ చివరి దాకా పరిగెత్తే వ్యవధి లేదనీ తెలుసు. మళ్ళీ పిలిచాడు. ఈసారి పిలిచింది సెక్యూరిటీ చీఫ్ కాదు. "నాన్నా, బయటికి రారా."

తెర మీద రెండో లైన్ మొదలైంది. సగం అయింది.

అమ్మాయి చేతులు బల్ల మీదే బిగిసి ఉన్నాయి. కీబోర్డు జానెడు దూరంలో ఉంది. ఆమె పెద్దమ్మ ముఖంలోకి చూసింది. ముట్టుకుంటే ఇప్పటిదాకా ఆ చేతులు సంపాదించిన సాక్ష్యం పోతుంది. రేపు కోర్టులో ఈ అక్షరాలన్నీ ఆమే కొట్టిందని ఎవడైనా అనొచ్చు. డిటెక్టివ్‌కి అది క్షణంలో తోచింది. చెల్లెలి ముఖం కూడా కళ్ళ ముందుకు వచ్చింది. అయినా నోరు తెరవబోయింది.

ఆమె కంటే ముందు చీఫ్ కీబోర్డు ఎత్తి అమ్మాయి ముందు పెట్టాడు.

"కొట్టమ్మా. ఏం కొడతావో కొట్టు. నేను చూస్తున్నాను. ఎక్కడైనా చెప్తాను."

అమ్మాయి ఒక మీట నొక్కింది. సగం రాసిన లైన్ ఎగిరిపోయింది. అవతలివాడు ఆగలేదు. మళ్ళీ మొదటి నుంచి కొట్టసాగాడు. ఇద్దరి అక్షరాలూ ఒకదానిలో ఒకటి కలిసి తెర మీద అర్థంలేని ముద్ద అయ్యాయి. ఆమె మళ్ళీ చెరిపింది. అతను మళ్ళీ కొట్టాడు. మూడోసారి అతను ఊపిరి పీల్చుకోవడానికి ఆగినట్టున్నాడు. ఆ సందులో ఆమె సోమవారం కొట్టవలసిన ఒక్క మాట కొట్టి, ఎంటర్ నొక్కింది.

తెర ఖాళీ అయింది. పైన ఒకే ఒక్క ప్రశ్న మిగిలింది. లోపలికి రావాలనుకునేవాళ్ళు ఎవరో పేరు చెప్పమని.

"మూసేశాను," అంది అమ్మాయి. అప్పుడు ఏడ్చింది.

చీఫ్ అప్పటికే తలుపు దాటాడు. నడవాలో ఆయన బూట్ల చప్పుడు, స్టీలు తలుపు లాగిన చప్పుడు, తర్వాత "ఏమైంది బావా, ఇంకా రెండు అరలు ఉన్నాయి" అన్న అమాయకపు గొంతు వినిపించాయి. ఆ వెంటనే చెంపదెబ్బ లాంటిదేదో, దాని వెనకే గట్టిగా కావలించుకున్న చప్పుడు.

డిటెక్టివ్ కళ్ళు మాత్రం తెర మీదే ఉన్నాయి. ఎందుకంటే తెర ఇంకా ఆగలేదు.

అవతలివాడికి కోపమో, కంగారో. ఆ ముద్దంతా లైన్ పాడై వచ్చిందని, అది తెగి మళ్ళీ కలిసిందని అనుకున్నాడో ఏమో. ఎదురుగా పేరడిగితే రోజూ ఆఫీసులో కొట్టే అలవాటు వేళ్ళకి ఉంటుంది, తలకి కాదు. ప్రశ్న పక్కన ఒక్కో అక్షరం వచ్చి నిలబడింది. పేరు పూర్తయింది.

మేనేజర్ కుర్చీలోంచి సగం లేచి మళ్ళీ కూలబడ్డాడు. "అది అల్లుడుగారి లాగిన్."

పేరు అలాగే ఉంది. చాలాసేపు అనిపించేంత సేపు ఉంది. తర్వాత చివరి అక్షరం మాయమైంది. దాని ముందుది. దాని ముందుది. అవతలివాడు తాను కొట్టినదాన్ని మెల్లిగా, ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకుంటున్నాడు.

తనను ఎవరో చూస్తున్నారని అతనికి అర్థమైంది.

చీఫ్ రొప్పుతూ గుమ్మంలోకి వచ్చాడు. డిటెక్టివ్ ఆయన జేబులోంచి ఫోన్ లాక్కుంది. "ఆస్పత్రిలో తాతయ్య గది నంబరేంటి? అక్కడ ఆయనతో పాటు ఇంకెవరున్నారు?"

"మనవరాలు ఉండాలి. రాత్రంతా ఆమే కూర్చుంది." చీఫ్ గోడకు చెయ్యి ఆనించుకున్నాడు. "కానీ ఇందాక ఫోన్‌లో అల్లుడుగారు చెప్పారు. పాపం అలిసిపోయింది, ఇంటికి వెళ్ళి కాసేపు పడుకోమని పంపించేశారట. తాతయ్య సంగతి తను చూసుకుంటానన్నారు."